వాటా రాయని దస్తావేజు: డిస్క్రిషనరీ ట్రస్టు వెనక కథ

గుంటూరు బ్రాడీపేటలో నాకు తెలిసిన ఒక పెద్దాయన మిర్చి వ్యాపారంలో రెండు డాబాలు, కొంత పొలం సంపాదించాడు. పెద్దబ్బాయి అమెరికాలో స్థిరపడ్డాడు. చిన్నవాడికి ముప్పై దాటినా వంద నోటుకీ ఐదొందల నోటుకీ తేడా తెలియదు. వాడి పేర రాస్తే ఎవరైనా సంతకం పెట్టించుకుపోతారు, రాయకపోతే వాడి గతేంటి? ఆ టెన్షన్‌తోనే ఆయన లాయరు దగ్గరికి వెళ్లాడు.

లాయరు చెప్పింది డిస్క్రిషనరీ ట్రస్టు గురించి. ఇందులో ఆస్తి ట్రస్టీల పేరు మీదికి మారుతుంది. ఎవరెవరికి ఇవ్వొచ్చో దస్తావేజులో ఉంటుంది. ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్నది ట్రస్టీలు తేలుస్తారు. వాళ్లు తేల్చేదాకా ఎవరికీ ఫలానా వాటా అంటూ లేదు. లేని వాటాను అప్పులవాళ్లు జప్తు చేయించలేరు, మాయమాటలతో ఎవరూ రాయించుకోలేరు.

ప్రైవేటు ట్రస్టులకు మన దగ్గర ఆధారం 1882 నాటి చట్టం. కానీ డబ్బున్నవాళ్లు వీటి వెంట పడింది పన్నుల భయంతో. 1953లో ఎస్టేట్ డ్యూటీ వచ్చింది. మనిషి పోయాక మిగిలిన ఆస్తి మీద పన్ను అది, పెద్ద ఆస్తుల పైమెట్టులో ఒక దశలో 85 శాతం దాకా వెళ్లింది. 1957లో సంపద పన్ను. ఇక ఆదాయాన్ని ముక్కలు చేసి తక్కువ శ్లాబులో చూపించడానికి ఒకే కుటుంబం ట్రస్టు మీద ట్రస్టు పెట్టేది. ప్రభుత్వం 1970లో ఆ దారి ఇరుకు చేసింది, 1980లో ఇలాంటి ట్రస్టుల ఆదాయం మీద గరిష్ఠ పన్ను రేటు పెట్టింది. 1985లో ఎస్టేట్ డ్యూటీ, 2015లో సంపద పన్ను రద్దయ్యాయి. కాబట్టి పన్ను మిగులుతుందని ఎవరైనా ఇప్పుడు ట్రస్టు పెట్టమంటే నమ్మకండి.

అసలు అవసరం వేరే చోట ఉంది. ఒకప్పుడు ఇలాంటి బిడ్డను ఉమ్మడి ఇంట్లో పెదనాన్నో మేనమామో చూసుకునేవారు, కాగితం అక్కర్లేకపోయింది. ఇప్పుడు ఆ ఇల్లు హైదరాబాద్‌కీ డాలస్‌కీ చెదిరిపోయింది.

పోషణకు తన మీదే ఆధారపడ్డ బంధువు కోసమే వీలునామా ద్వారా ఒకే ఒక్క ట్రస్టు పెడితే, గరిష్ఠ రేటు కాకుండా మామూలు శ్లాబులే వర్తించేలా చట్టం మినహాయింపు ఇచ్చింది. పెద్దాయన ఆ దారే పట్టాడు. ట్రస్టీలుగా పెద్దకొడుకునీ, మేనల్లుడినీ, ఆడిటరునీ పెట్టాడు. ట్రస్టీ చెడ్డవాడైతే ఏ దస్తావేజూ కాపాడదు, అందుకే ముగ్గురు. వీలునామాతో పాటు చేత్తో రాసిన ఒక కాగితం ఉంచాడు. అందులో మందుల టైములు, డాక్టరు నంబరు ఉన్నాయి. చివర, పెరుగన్నంలో మాగాయ ముక్క లేకపోతే వాడు తినడని రాసి ఉంది.