లారీ వెనక రాళ్లు, బండ్ల మధ్య హెచ్చరికలు: అపోహలు - వాస్తవాలు

నార్కట్‌పల్లి దాటాక 65వ నంబర్ హైవే మీద లారీ ఆగిపోతే, డ్రైవర్ ముందుగా వెనక నాలుగు రాళ్లు పేర్చి ఓ వేపకొమ్మ విరిచి పడేస్తాడు. అదీ ఎమర్జెన్సీ మెసేజే. అదే కబురును బండ్లు రేడియోలో ఒకదానికొకటి చెప్పుకునేలా చేయడం నా పని. మన దగ్గర ఇది ఇంకా మామూలు కాలేదు గానీ, నల్లగొండకు వెళ్లినప్పుడల్లా మావాళ్లు దీని గురించి అడుగుతుంటారు.

అపోహ: ఫోన్ సిగ్నల్ లేని చోట పనిచేయదు.
వాస్తవం: టవర్‌తో పనిలేదు. 5.9 గిగాహెర్ట్జ్ రేడియో బ్యాండ్‌లో కబురు బండి నుంచి బండికి నేరుగా వెళ్తుంది. అడ్డేమీ లేకపోతే కొన్ని వందల మీటర్లు అందుతుంది.

అపోహ: మెసేజ్‌ను ఎన్‌క్రిప్ట్ చేస్తేనే భద్రం.
వాస్తవం: ప్రమాదం కబురు దాచుకునేది కాదు, చుట్టూ ఉన్న ప్రతి బండికీ తెలియాలి. అందుకే దాన్ని దాచరు, డిజిటల్ సంతకం పెడతారు.

అపోహ: సంతకం సరిపోతే మెసేజ్ నిజమే.
వాస్తవం: నాకు ఎక్కువ టెన్షన్ పెట్టే అపోహ ఇదే. సర్టిఫికెట్ (డిజిటల్ గుర్తింపు పత్రం) ఉన్న యూనిట్, అంటే బండిలోని రేడియో పరికరం, పంపిందని, మధ్యలో ఎవరూ మార్చలేదని మాత్రమే సంతకం చెబుతుంది. సెన్సర్ చెడిపోయిన బండి కూడా సరైన సంతకంతోనే తప్పు కబురు పంపుతుంది. ‘సడన్ బ్రేక్ వేశాను’ అంటుంది, సెకనుకు 10 వరకు వచ్చే దాని మామూలు మెసేజ్‌లలో మాత్రం వేగం తగ్గదు. లేదా దాని లొకేషన్ రోడ్డు పక్క పత్తి చేనులో కనిపిస్తుంది. అప్పుడు మన బండి తన కెమెరా, రాడార్‌తో సరిచూసుకోవాలి. పది బండ్లు ఒకే మాట చెప్పినా సరే, ఒక్కడే పది బండ్లుగా నటిస్తుండొచ్చు. పదేపదే తప్పు చెప్పే యూనిట్ సర్టిఫికెట్ రద్దు కావాలి.

అపోహ: మనం ఎక్కడ తిరిగామో అందరికీ తెలిసిపోతుంది.
వాస్తవం: మెసేజ్‌లో ఓనర్ పేరు ఉండదు. సర్టిఫికెట్లు మారుపేర్లతో ఉంటాయి, తరచూ మారుతుంటాయి. దీనివల్ల వెంబడించడం కష్టమవుతుంది, అసాధ్యమని మాత్రం నేను అనను.

అపోహ: హెచ్చరిక పంపితే పని అయిపోయినట్టే.
వాస్తవం: ఓసారి ఓ లారీ రిపేరై వెళ్లిపోయింది, వెనక పేర్చిన రాళ్లు అక్కడే ఉండిపోయాయి. తెల్లవారుజామున పొగమంచులో మా బావ బైక్ వాటినే గుద్దింది. మోచేతికి ఏడు కుట్లు పడ్డాయి. రేడియో హెచ్చరిక అలా మిగిలిపోకూడదు. యూరప్ ప్రమాణంలో హెచ్చరికకు గడువు ఉంటుంది, వేరే చెప్పకపోతే 600 సెకన్లు. అంతకన్నా ముందే దారి క్లియర్ అయితే రద్దు మెసేజ్ పంపొచ్చు. టెస్టింగ్‌లో నేను ముందు చూసేది ఆ రద్దు మెసేజ్ వెళ్లిందా లేదా అన్నదే.