కోచ్ ఉద్యోగం మానేసి స్పోర్ట్స్ షాపు పెట్టాక వింటున్న అపోహలు

హైదరాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌కి పదకొండేళ్లు కోచ్‌గా చేశాను. ఏటేటా రెన్యువల్ టెన్షన్ ఉండే కాంట్రాక్టు ఉద్యోగం. ఇప్పుడు సొంతంగా స్పోర్ట్స్ షాపు నడుపుతున్నాను.

అపోహ: మీ దగ్గర ఆడిన పిల్లలే వచ్చి కొంటారు, మీకేం సార్!

వాస్తవం: వస్తారు, ప్రేమగానే వస్తారు, "సార్, వచ్చే నెల ఇస్తా" అంటారు. గ్రౌండ్‌లో ఇంకో పది రౌండ్లు కొట్టమని గట్టిగా చెప్పిన నాకు, డబ్బులెప్పుడిస్తావని అడగడానికి మొదటి ఏడాదంతా నోరు రాలేదు. అయినా అవి చిన్న బాకీలు. అసలు దెబ్బ ఒక కాలేజీ ఆర్డర్‌తో తగిలింది. ముప్పై జెర్సీలకు నంబర్లు వేయించి, టోర్నమెంట్ ముందురోజు రాత్రి నేనే మోసుకెళ్లి ఇచ్చాను. బిల్లు తొమ్మిది నెలలకు పాసైంది. జలంధర్‌లో సరుకు పంపేవాళ్లు అన్నాళ్లు ఆగరు కదా. అప్పట్నుంచి సగం అడ్వాన్స్ చేతిలో పడితేనే ప్రింటింగ్‌కి పంపుతున్నా.

అపోహ: రేటు ఎక్కువైతే మంచి సరుకు.

వాస్తవం: ఎవరు ఆడతారు, ఎక్కడ ఆడతారు అని ముందు అడుగుతాను. పెద్దల బంతి సైజు 5, చుట్టుకొలత 68–70 సెం.మీ., బరువు 410–450 గ్రాములు. తొమ్మిదేళ్ల పిల్లాడికి అదే కొనిస్తే తలతో ఆడటానికే భయపడతాడు, వాడికి సైజు 4 ఇవ్వాలి. మన గ్రౌండ్లు చాలావరకు మొరం నేలలు, పచ్చిక కోసం చేసిన ఖరీదైన బంతి పైపొర వాటిమీద తొందరగా లేచిపోతుంది. బూట్ల అడుగున పొడుచుకొచ్చే స్టడ్స్ సంగతీ అంతే. గట్టినేల మీద పొడవాటి స్టడ్స్‌తో ఆడితే అరికాళ్లు మండుతాయి, కింద చిన్న రబ్బరు బుడిపెలున్న టర్ఫ్ షూ చాలు. తక్కువ రేటుది చాలని చెప్పి పంపిన తండ్రులే నాకు మళ్లీ మళ్లీ వస్తున్నారు.

"ఫుట్‌బాల్ మన ఆట కాదు, బ్యాట్లు అమ్ముకో" అంటారు కొందరు. బ్యాట్లూ పెట్టాను, వేసవి సెలవుల్లో షాపు అద్దె వాటి మీదే వెళ్తుంది. కానీ మన ఆట కాదంటే మాత్రం ఒప్పుకోను. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయి ఫుట్‌బాల్ టోర్నమెంట్ రోవర్స్ కప్ గెలిచింది మన హైదరాబాద్ సిటీ పోలీస్ టీమే. వాళ్ల కోచ్ రహీం సాబ్ స్కూల్ టీచర్‌గా పనిచేసినవారు. 1951, 1962 ఆసియా క్రీడల్లో ఇండియాకు స్వర్ణాలు ఆయన కోచింగ్‌లోనే వచ్చాయి.

ఇక నేను ఆటకు దూరమయ్యాననే మాట. నిన్న ఒకబ్బాయి వచ్చి, బంతిలో గాలి నిలవట్లేదన్నాడు. గాలి కొట్టే పిన్నును పొడిగానే గుచ్చేశాడు, వాల్వ్ లోపలి రబ్బరు చిరిగింది. పిన్నుకు చుక్క గ్లిజరిన్, అది లేకపోతే నీళ్లయినా రాసి, నిదానంగా తిప్పుతూ దించాలి. కొత్త బంతికి వాడి చేతే మూడుసార్లు చేయించి పంపాను.