మిర్చి గుండెకి మంచిదంట, మళ్లీ మొదలైంది: అసలు ఈ అపనమ్మకం ఎక్కడినుంచి వచ్చింది

"వారానికి నాలుగుసార్లు మిర్చి తింటే గుండెపోటు దరిచేరదు" అనే క్లిప్పింగ్ గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ తిరుగుతోంది. డేట్ కట్ చేసేసి ఉండటంతో ఇవాళ్టి వార్తే అనుకుని పంపించేస్తున్నారు, మిర్చి యార్డు ఉన్న ఊరు కాబట్టి మన సరుకు గురించి మంచిమాట వస్తే సంతోషం ఉంటుంది, అందులో తప్పేం లేదు. కానీ దాని కిందే ఇంకో గొడవ నడుస్తోంది. ఒక వర్గమేమో "ఈ స్టడీలన్నీ బోగస్ అండీ, ఇవాళ మంచిదంటారు రేపు విషమంటారు" అంటోంది, ఇంకోపక్క డాక్టర్లేమో "జనానికి అసలు సైన్సంటేనే నమ్మకం పోయింది, పేపర్లు టీవీలు కలిసి చెడగొట్టాయి" అంటున్నారు.

గుడ్డు మంచిదా చెడ్డదా, నెయ్యి వద్దన్నారు మళ్లీ రమ్మన్నారు, కాఫీతో క్యాన్సర్ అన్నారు, ఇదంతా అందరికీ తెలిసిన పాత కథే, దాని జోలికి పోవట్లేదు. నా లెక్కలో ఈ గొడవకి అసలు మలుపు 2014 డిసెంబర్. అది తెలిస్తే మిర్చి కథ దానంతటదే విడిపోతుంది.

బ్రిటన్‌లో కార్డిఫ్ యూనివర్సిటీకి చెందిన పెట్రాక్ సమ్నర్, ఆయన టీమ్ కలిసి ఒక పని చేశారు. ఆరోగ్యం మీద వచ్చే వార్తల్లో అతి ఎక్కడ మొదలవుతోందో పట్టుకుందామని అక్కడి 20 పెద్ద యూనివర్సిటీలు 2011లో విడుదల చేసిన 462 ప్రెస్ నోట్లు (పత్రికలకి పంపే ప్రకటనలు) తీసుకుని, ఒక్కోదాన్నీ ఒకపక్క అసలు రీసెర్చ్ పేపర్‌తో, ఇంకోపక్క దాన్ని చూసి వార్తాపత్రికలు రాసిన 668 వార్తలతో పోల్చి చూశారు. అందరం ఏమనుకుంటాం, రిపోర్టరో సబ్ ఎడిటరో మసాలా దట్టించి ఉంటాడని కదా. తేలింది వేరే. 40 శాతం ప్రెస్ నోట్లు రీసెర్చ్ పేపర్‌లో ఉన్నదానికంటే ఎక్కువ సలహా ఇచ్చేశాయి, రెండు విషయాలు కలిసి కనబడ్డాయి అనే తరహా స్టడీల నోట్లలో 33 శాతం ఒకదానివల్లే ఇంకోటి జరిగింది అని తేల్చేశాయి, ఎలుకల మీదో కణాల మీదో చేసిన ప్రయోగాల నోట్లలో 36 శాతం వాటిని మనుషులకి అంటగట్టేశాయి. అంటే అతి అనేది వార్త మా పత్రికల డెస్కుల దాకా రాకముందే, యూనివర్సిటీ గేటు దాటకముందే మొదలైపోయింది.

ఇంకా గట్టి విషయం ఏందంటే, ప్రెస్ నోట్‌లో ఇలా కారణం అంటగట్టి ఉంటే 81 శాతం వార్తల్లో కూడా అదే అతి ఉంది, నోట్ సరిగ్గా ఉంటే మాత్రం 18 శాతం వార్తల్లోనే ఉంది. ఎలుకల సంగతైతే నోట్‌లో అతి ఉంటే 86 శాతం వార్తల్లో, లేకపోతే 10 శాతంలోనే. పోనీ అతి చేసినందుకు వార్తలు ఎక్కువ వచ్చాయా అంటే దానికీ పెద్దగా ఆధారం దొరకలేదు. ఈ ఊళ్లో డెస్క్ మీద కూర్చునే సబ్ ఎడిటర్‌కి రాత్రి పేజీ టైముకి చేతిలో ఉండేది వార్తా ఏజెన్సీ పంపిన కాపీ, దాని వెనక ఆ నోట్, అంతే. అసలు రీసెర్చ్ పేపర్ చూద్దామన్నా చాలాసార్లు డబ్బు కడితేగానీ తెరుచుకోదు. తప్పు అస్సలు లేదనను, నోట్‌లో ఒకటో రెండో జాగ్రత్తమాటలు ఉన్నా బాక్స్ ఐటమ్‌లో పట్టక మేమే పీకేస్తాం. కానీ మొదటి తప్పు మాత్రం పెద్ద చదువులున్న చోటే జరుగుతోంది, నిందేమో చదివేవాడి మీద పడుతోంది.

ఇప్పుడు మిర్చికి వద్దాం. ఈ క్లిప్పింగ్ 2019 డిసెంబర్ నాటి ఇటలీ స్టడీది. మోలిజే అనే ప్రాంతంలో 22,811 మందిని మిర్చి ఎంత తరచుగా తింటారని అడిగి, సుమారు 8 ఏళ్లు గమనించారు. ఈ లోపు చనిపోయినవాళ్లు 1,236 మంది. వారానికి నాలుగుసార్లు, ఆపైన తినేవాళ్లలో మరణం ముప్పు 23 శాతం తక్కువ కనబడింది, గుండె జబ్బుల మరణాలైతే 34 శాతం తక్కువ. మిగతా తిండి అలవాట్లు లెక్కలోకి తీసుకుని కూడా చూశారు, ఆ మేరకు మంచి పనే. కానీ మొత్తం మీద చనిపోయిందే నూటికి అయిదారుగురు కదా, అందులో 23 శాతం అంటే తేడా సుమారు నూటికి ఒకరు. ఎనిమిదేళ్లలో నూటికి ఒకరు అని రాస్తే ఎవరూ ఫార్వర్డ్ చేయరు, 23 శాతం అంటే చేస్తారు. పైగా ఎవరికీ మిర్చి ఇచ్చి తినమని చూసింది కాదు, తినేవాళ్లని చూశారు, అంతే.

దీనికంటే ముందు 2015లో చైనా స్టడీ వచ్చింది, 4,87,375 మందిని గత నెలలో కారం తిండి ఎన్నిసార్లు తిన్నారని అడిగారు, దాదాపు రోజూ తినేవాళ్లలో మరణం ముప్పు 14 శాతం తక్కువ అన్నారు. 2017లో అమెరికాది, 16,179 మంది, 13 శాతం తక్కువ. ఆ అమెరికా దాంట్లో పొడి కారం లెక్కలోకే తీసుకోలేదు, కాయలుగా తింటేనే లెక్క. మనం రోజూ అన్నంలో, కూరలో తినేది ఏదో వేరే చెప్పక్కర్లేదు. 2020 నవంబర్లో మళ్లీ "5.7 లక్షల మంది మీద భారీ పరిశోధన" అని వచ్చింది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సభలో పెట్టింది, నాలుగు పాత స్టడీలని కలిపిన లెక్క అది. ఆ 5.7 లక్షల్లో సింహభాగం 2015 నాటి ఆ చైనా జనమే, మిగతాది అమెరికా, ఇటలీ, ఇరాన్. అంటే పాత మనుషుల్నే మళ్లీ కూడి చెబితే మనం కొత్త ఋజువు అనుకుని చదివాం. ఆ 2020 లెక్క వేసిన బో షూ అనే డాక్టరే, మిర్చి ఎక్కువ తింటే ఆయుష్షు పెరుగుతుందని కచ్చితంగా చెప్పలేం అని అప్పుడే చెప్పాడు. ఆ ముక్క ఏ ఫార్వర్డ్‌లోనూ లేదు.

2019లోనే, ఇటలీ స్టడీకి ఏడు నెలల ముందు, చైనాలో 55 దాటిన 4,582 మంది మీద ఇంకో స్టడీ వచ్చింది. రోజుకి 50 గ్రాములకి మించి మిర్చి తినేవాళ్లలో జ్ఞాపకశక్తి తగ్గే ముప్పు దాదాపు రెట్టింపు అని. ఆ 50 గ్రాముల్లో పచ్చిమిర్చి, ఎండుమిర్చి రెండూ కలిపే లెక్క. పైగా ఎక్కువ తినేవాళ్ల ఆదాయం కూడా తక్కువేనని ఆ పేపర్లోనే ఉంది, మతిమరుపు కారం వల్లా పేదరికం వల్లా అన్నది దాంతో తేలదు. కానీ చదివేవాడికి అందింది ఇంతే: మే నెలలో మిర్చితో మతి పోతుంది, డిసెంబర్‌లో మిర్చితో గుండె బాగుంటుంది. అలాంటివాడు "అన్నీ బోగస్" అంటే అతన్ని తెలివితక్కువోడు అనడం అన్యాయం, ఆ మాట అతని చేత అనిపించారు.

డాక్టర్ల బాధ కూడా నిజమే, కాదనను. గుంటూరు కొత్తపేటలో గానీ, విజయవాడ సూర్యారావుపేటలో గానీ ఏ గుండె డాక్టర్ని అడిగినా చెప్తాడు, ఫార్వర్డ్ చూసి బీపీ మాత్రలు మానేసి వచ్చేవాళ్లు ఉన్నారని. కొబ్బరినూనె డైట్ ఊపు మీద ఉన్నప్పుడు ఇదే చూశాం.

నాకున్న భయం ఉప్పు దగ్గర. మన కొరివికారంలో, ఆవకాయలో మిర్చితో పాటు దండిగా పడేది ఉప్పే, అన్నీ బోగస్ అని వదిలేసినవాడు దాని మాట కూడా వదిలేస్తాడు. 2021లో ఫలితాలొచ్చిన ఒక స్టడీలో, అదే చైనాలో 600 పల్లెల్ని చీటీ వేసినట్టు రెండుగా విడగొట్టి, సగం పల్లెలకి సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు ఇచ్చి, మిగతా సగాన్ని మామూలు ఉప్పు మీదే ఉంచి, సుమారు అయిదేళ్లు చూశారు. 20,995 మంది, అందరూ పక్షవాతం వచ్చి తగ్గినవాళ్లో, లేకపోతే 60 దాటిన బీపీ పేషెంట్లో. ఉప్పు మార్చిన పల్లెల్లో పక్షవాతం 14 శాతం తగ్గింది, మరణాలూ తగ్గాయి. కిడ్నీ జబ్బు బాగా ముదిరినవాళ్లని మాత్రం ఇందులోకి తీసుకోలేదు, పొటాషియం వాళ్లకి ప్రమాదం కాబట్టి. చైనా మిర్చి స్టడీలోనూ 14 శాతమే, దీంట్లోనూ 14 శాతమే, మిర్చిది అడిగి రాసుకున్నది, ఉప్పుది చేసి చూసింది, గ్రూపుల్లో తిరుగుతున్నది మాత్రం మొదటిదే.