చట్టం పెంచిన పెళ్లి వయసు, పల్లె పెంచని పెళ్లి వయసు

చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో వానలు ముఖం చాటేసిన ఏడాది, తల్లిదండ్రులు కూలి పనులకు బెంగళూరు వెళతారు. ఆడపిల్ల అవ్వ దగ్గర ఉంటుంది. పదో తరగతి అయిపోతుంది. జూనియర్ కాలేజీ మండల కేంద్రంలో ఉంటుంది, బస్సుకేమో వేళాపాళా ఉండదు. ఎదిగిన పిల్లను రోజూ అంత దూరం ఎలా పంపేదని అవ్వ దిగులు. వరసైన మేనమామ ఉండనే ఉన్నాడు, ముహూర్తం పెట్టేస్తారు. ఏడాది తిరిగేసరికి కడుపు పండాలని అత్తింటివాళ్లు ఎదురుచూస్తారు. రక్తహీనతతో ఉన్న ఆ ఒళ్లు కాన్పును తట్టుకుంటుందా అని అడిగేవాళ్లే ఉండరు.

చట్టాలకు కొదవ లేదు. భర్త బలాత్కారానికి బలైన కలకత్తా బాలిక ఫూల్‌మణి ఉదంతం తర్వాత, 1891లో ఆడపిల్లతో శారీరక సంబంధానికి సమ్మతి వయసు 10 నుంచి 12కు పెరిగింది. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్ల పెళ్లికి 14 ఏళ్లు నిండాలంది. 1978 సవరణ దాన్ని 18 చేసింది. 2006లో మరింత కఠినమైన చట్టం వచ్చింది. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. దేశ సగటు 23.3 శాతమే. మనం సిగ్గుపడవలసిన అంకె ఇది.

తిరుపతి జిల్లా తూర్పున, సత్యవేడు వైపు మాతమ్మ ఆచారం ఇంకా క్రూరమైనది. బిడ్డకు జబ్బు చేస్తే, బతికితే అమ్మవారికి వదిలేస్తామని పేద దళిత కుటుంబాలు మొక్కుకునేవి. వైద్యం అందుబాటులో లేని చోట మొక్కే దిక్కయింది. అమ్మవారి పేరున తాళి కట్టించుకున్న పిల్లకు ఇక పెళ్లి లేదు, మగవాళ్ల దౌర్జన్యం నుంచి రక్షణా లేదు. ఇలాంటి జోగిని, దేవదాసీ ఆచారాలను రాష్ట్రం 1988లో నిషేధించింది.

కౌమారదశలోని వారి పునరుత్పత్తి ఆరోగ్యాన్ని ప్రపంచ దేశాలు హక్కుగా మాట్లాడింది 1994లో కైరోలో జరిగిన ఐక్యరాజ్యసమితి జనాభా సదస్సులోనే. పేద, మధ్యాదాయ దేశాల్లో 2019 నాటికి కూడా ఏటా సుమారు 2.1 కోట్ల మంది 15–19 ఏళ్ల అమ్మాయిలు గర్భం దాలుస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ గర్భాల్లో సగం వాళ్లు కోరుకోనివే. భారత ప్రభుత్వం 10–19 ఏళ్లవారి ఆరోగ్యం కోసం రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమాన్ని 2014లో మొదలుపెట్టింది.

2022లో రాష్ట్ర ప్రభుత్వం పేదింటి ఆడపిల్ల పెళ్లికి డబ్బిచ్చే కల్యాణమస్తు సాయానికి వధూవరులిద్దరూ పదో తరగతి పాసై ఉండాలన్న షరతు పెట్టింది. మంచి షరతే. కానీ పడమటి మండలాల్లో పిల్ల చదువు ఆగేది సరిగ్గా ఆ పదో తరగతి దగ్గరే. ఇంటర్‌కు వెళ్లే పిల్లకు వేళకు బస్సు, ఉండటానికి హాస్టల్ ముందు కావాలి.