ఇంటి పన్నులో ఎనిమిది పైసలు: గ్రంథాలయ ఉద్యోగుల పోరాటం వెనుక కథ

పంచాయతీ ఇచ్చే ఇంటి పన్ను రసీదులో ‘గ్రంథాలయ పన్ను’ అని ఓ గడి ఉంటుంది. లెక్క రూపాయికి 8 పైసలు. ఇంటి పన్ను 1,000 రూపాయలైతే 80 రూపాయలు. సెస్ (అంటే ఈ పన్నే) బకాయిలు చెల్లించాలని గ్రంథాలయ ఉద్యోగులు అడిగేది ఈ డబ్బు గురించే.

ఈ పన్ను ఊరికే రాలేదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గ్రంథాలయ ఉద్యమానికి పెద్దదిక్కయ్యారు. అప్పట్లో గ్రంథాలయాలు ఎక్కువగా చందాల మీదే నడిచేవి. చందాలు ఆగితే తలుపులు మూతపడేవి. 1948 మద్రాసు గ్రంథాలయాల చట్టం పన్ను దారి చూపింది. దాన్నీ, 1955 హైదరాబాదు చట్టాన్నీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. గాడిచర్ల కన్నుమూసిందీ ఆ ఏడే.

చట్టంలో చిక్కు ఒక్కచోటే ఉంది. పన్ను వసూలు చేసేది పంచాయతీ, మున్సిపాలిటీ. ఖర్చు పెట్టాల్సింది జిల్లాలోని గ్రంథాలయాలను నడిపే జిల్లా గ్రంథాలయ సంస్థ. వసూలైన సొమ్ము సాధారణ నిధిలో కలిసిపోయి వీధి దీపాలకో, జీతాలకో వెళ్లిపోతుంది. సంస్థకు చేరాల్సింది బకాయిగా మిగులుతుంది. దాని దెబ్బ ముందు తగిలేది గ్రంథాలయంలోని పేపర్ల బల్లకే. బిల్లు ఆగితే ఏజెంటు పేపర్లు వేయడం మానేస్తాడు. పొద్దున్నే వచ్చిన పాఠకుడు నిన్నటి పేపరే తిరగేసి, కోపమంతా లైబ్రేరియన్ మీద చూపిస్తాడు. ఖాళీ పోస్టులు నింపకపోవడంతో ఆ లైబ్రేరియన్ రెండు శాఖలు చూసుకుంటూ ఉండొచ్చు. ఉదయం కొన్ని గంటలు, మళ్లీ సాయంత్రం కొన్ని గంటలు డ్యూటీ కాబట్టి రోజంతా దానికే పోతుంది.

అందుకే ఉద్యోగుల డిమాండూ పాఠకుల డిమాండూ ఒకటే. డీఎస్సీకీ, గ్రూప్-2కీ చదువుకునే పిల్లలు ఉద్యోగుల సంఘంతో కలిసి అడిగితే ‘ఇది జీతాల గొడవ’ అని ఎవరూ కొట్టిపారేయలేరు.

అడిగేటప్పుడు లెక్కతో అడగాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద గ్రామ పంచాయతీకి అర్జీ పెడితే రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. ఏడాదివారీగా మూడు అంకెలు కోరండి: గ్రంథాలయ పన్ను వసూలు కావాల్సింది (డిమాండ్) ఎంత, వసూలైంది ఎంత, సంస్థకు జమ చేసింది ఎంత. జమకు చలానా నంబరు, తేదీ తప్పకుండా అడగండి. ‘పంపించాం’ అన్న మాట మీద ఆగిపోతే అర్జీ వృథా. జవాబుకు గడువు 30 రోజులు. ఇదే ప్రశ్న జిల్లా గ్రంథాలయ సంస్థకూ వేసి రెండు జవాబులూ పక్కపక్కన పెట్టండి. తేడా వచ్చిన అంకెనే వినతిపత్రంలో మొదటి వాక్యంగా రాయండి.