ఎస్‌డబ్ల్యూఆర్ 1:1 వస్తే వర్టికల్ బాగున్నట్టేనా? హామ్ యాంటెనాల మీద అపోహలు - వాస్తవాలు

హామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి నడిపే వైర్‌లెస్ స్టేషన్, పెట్టుకున్న వాళ్ల నుంచి గత నెలలోనే మూడుసార్లు ఇదే ఫోన్ వచ్చింది. "సార్, డాబా మీద వర్టికల్ (నిలువు యాంటెనా) పెట్టాను. ఎస్‌డబ్ల్యూఆర్ (సెట్ పంపిన పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే కొలత, 1:1 అంటే ఏమీ తిరిగి రావట్లేదని) 1.1, సూపర్‌గా ఉంది. కానీ ఎన్ని సీక్యూలు (ఎవరైనా వింటున్నారా అనే పిలుపులు) కొట్టినా ఒక్కరూ పలకట్లేదు." నేను అడిగేది కూడా ప్రతిసారీ ఒకటే: "రేడియల్స్ (యాంటెనా అడుగు నుంచి చుట్టూ పరిచే తీగలు) ఎన్ని వేశారు?" అటు నుంచి కాసేపు మాట ఉండదు. తర్వాత, "రేడియల్స్ ఎందుకు సార్, ఎర్త్‌కి కలిపాను కదా" అంటారు.

కష్టపడి పరీక్ష రాసి, నెలల తరబడి లైసెన్సు కోసం ఎదురుచూసి, చివరికి "నా వల్ల కాదులే" అని సెట్‌ని అటక మీద పెట్టేసిన వాళ్లను చూశాను. వాళ్లలో ఎక్కువమందిని దెబ్బతీసింది ఈ అపోహే. కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: వర్టికల్‌ని ఎర్త్‌కి కలిపి, మీటరు 1:1 చూపిస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: క్వార్టర్ వేవ్ (అల పొడవులో నాలుగో వంతు) వర్టికల్ అంటే సగం యాంటెనా. మిగతా సగం కింద పరిచే రేడియల్స్. పైన రాడ్‌లోకి ఎంత కరెంటు వెళ్తుందో, కింది నుంచి అంతే తిరిగి రావాలి. ఆ దారి రాగి తీగ అయితే హాయిగా వస్తుంది. మట్టీ కాంక్రీటూ అయితే మీ పవర్‌లో చాలా భాగం అక్కడే వేడైపోతుంది. ఎర్త్ గొయ్యి షాక్ కొట్టకుండా, పిడుగుపాటు నుంచి కొంత రక్షణగా ఉంటుంది. దానికి అది తప్పనిసరే. కానీ 14 మెగాహెర్ట్జ్ కరెంటుకి అది తిరుగుదారి కాదు. మూడో అంతస్తు డాబా నుంచి కింద గొయ్యి దాకా దించిన ఆకుపచ్చ తీగని అందరూ ఎర్త్ అనుకుంటారు. హెచ్‌ఎఫ్ (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) మీద అది గోడ వెంట వేలాడే ఇంకో యాంటెనా.

మరి మీటరు 1:1 ఎందుకు చూపిస్తోంది? చిన్న లెక్క. చదునుగా పరిచిన మంచి రేడియల్స్ మీద నిలబెట్టిన పూర్తి పొడవు క్వార్టర్ వేవ్‌కి దాదాపు 36 ఓంల రెసిస్టెన్స్ ఉంటుంది. సెట్‌ని యాంటెనాకి కలిపే కేబుల్, అదే కోయాక్స్, 50 ఓంలు. 50ని 36తో భాగిస్తే, నష్టమే లేని వర్టికల్ 1.4 దగ్గర చూపించాలి. గ్రౌండ్‌లో 14 ఓంల నష్టం తోడైతే 36కి 14 కలిసి 50 అవుతుంది, మీటరు 1:1కి వస్తుంది. మనం పండగ చేసుకుంటాం. అక్కడ నూటికి 28 వాట్లు వేడిగా పోతున్నాయి. కాయిల్ పెట్టి పొట్టిగా చేసిన వర్టికల్‌తో సంగతి ఇంకా ఘోరం. దాని రేడియేషన్ రెసిస్టెన్స్ (పవర్‌ని అలలుగా బయటికి పంపే భాగం) 5 ఓంలే అనుకుందాం. కాయిల్, గ్రౌండ్ కలిపి 45 ఓంల నష్టం ఉంటే మళ్లీ 50, మళ్లీ 1:1. బయటికి వెళ్లేది నూటికి 10 వాట్లు. డమ్మీ లోడ్ (పవర్ మొత్తాన్ని వేడిగా మార్చేసే పరీక్ష రెసిస్టర్) కూడా 1:1 చూపిస్తుంది, దాంతో పక్క వీధికైనా మాట్లాడగలమా?

ఇది కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. 1937లోనే అమెరికాలో ఆర్‌సీఏ ఇంజినీర్లు బ్రౌన్, లూయిస్, ఎప్‌స్టీన్ భూమిలో 113 తీగల దాకా పాతి, కొలిచి చూపించారు. అక్కడి మీడియం వేవ్ రేడియో టవర్ల కింద 120 రేడియల్స్ వేయడం దాంతోనే స్థిరపడింది. మనకి అన్ని అక్కర్లేదు. ఎనిమిది వేస్తే తేడా చెవికే తెలుస్తుంది, పదహారు వేస్తే చాలావరకు పని అయిపోతుంది. ఆపైన వేసే ఒక్కో తీగకీ వచ్చే లాభం తగ్గుతూ పోతుంది.

ఖమ్మం వైపు ఒక కుర్రాడు ఉన్నాడు. "రేడియల్స్ అవసరం లేదు" అని రాసి ఉన్న పొట్టి వర్టికల్‌ని బయటి దేశం నుంచి తెప్పించాడు. దాని కోసం వాళ్లమ్మ దాచిన డబ్బు కూడా కలిపాడట. మూడు నెలలు ఒక్క క్యూఎస్‌ఓ (రేడియోలో సంభాషణ) లేదు. పైగా మాట్లాడేటప్పుడు మైకు పెదవికి తగిలితే చురుక్కుమనేది. "నా ఇంగ్లీషు అర్థం కాక పలకట్లేదేమో సార్" అన్నాడు. ఆ మాట విని బాధేసింది. ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను.

చురుక్కుమనడంలోనే సగం జవాబు ఉంది. రేడియల్స్ లేకపోతే కరెంటు తన దారి తను వెతుక్కుంటుంది. కోయాక్స్ పైపొర వెంట పాకి గదిలోకి, సెట్ మీదికి, మైకులోకి వస్తుంది. పక్కింటి స్పీకర్లో మన గొంతు గురగురమనడానికి కూడా చాలాసార్లు ఇదే కారణం.

ఆ పొట్టి యాంటెనాని పక్కన పెట్టించాను. ప్లంబింగ్ షాపులో ఇరవై అడుగుల పీవీసీ పైపు ఒకటి, ఎలక్ట్రికల్ షాపులో 1 చదరపు మిల్లీమీటరు వైరింగ్ తీగ కాయిల్ ఒకటి కొన్నాం. కాయిల్‌లో 90 మీటర్లు ఉంటుంది. 14.2 మెగాహెర్ట్జ్ దగ్గర అల సుమారు 21.1 మీటర్లు. అందులో నాలుగో వంతు 5.28. తీగ కాబట్టి 5 శాతం తగ్గిస్తే దాదాపు 5 మీటర్లు. పైపు లోపల నిలువునా ఒక తీగ, కింద ఐదేసి మీటర్ల తీగలు పదహారు, మొత్తం 85 మీటర్లు. ఒక్క కాయిల్‌తో యాంటెనా మొత్తం అయిపోయి, చివర్లో ఐదు మీటర్లు మిగిలింది. నిలువు తీగని మొదట ఓ పావు మీటరు ఎక్కువే ఉంచండి. పీవీసీ లోపల ఉన్నందువల్ల రెజొనెన్స్ (యాంటెనా సరిగ్గా పలికే ఫ్రీక్వెన్సీ) కాస్త కిందికి దిగుతుంది, కొంచెం కొంచెంగా కత్తిరించుకుంటూ రావచ్చు. పైపు ఊగుతుంది కాబట్టి సగం ఎత్తులో మూడు వైపులా నైలాన్ తాళ్లు కట్టాం.

తీగ కత్తిరించి సరిచేశాక, నాలుగు రేడియల్స్‌తో మీటరు 1.1 చూపించింది. ఎనిమిదో తీగ కలిపేసరికి 1.2. పదహారు అయ్యేసరికి 1.3. కుర్రాడికి టెన్షన్ పట్టుకుంది. "పాడైపోతోంది సార్, తీసేద్దామా?" నష్టం కరుగుతున్న కొద్దీ అది 36 ఓంల వైపు జరుగుతోందని చెప్పినా నమ్మలేదు. సాయంత్రం ఆరున్నరకి ఇరవై మీటర్ల బ్యాండ్ మీద యూరప్ తెరుచుకుంది. రెండో సీక్యూకే ఇటలీ స్టేషన్ ఒకటి 5-7 (మాట స్పష్టంగా, సిగ్నల్ ఓ మోస్తరు బలంగా ఉందని) రిపోర్టు ఇచ్చింది. వాడు రిపోర్టు రాసుకోవడం కూడా మర్చిపోయి వంటింట్లోకి పరిగెత్తాడు, అమ్మని పిలవడానికి.

డాబా మీద పరిచే రేడియల్స్ అన్నీ ఒకే పొడవు ఉండాలన్న పట్టింపు అక్కర్లేదు. చోటు లేకపోతే పిట్టగోడ దగ్గర వంచి దాని వెంట తీసుకెళ్లండి. బట్టలు ఆరేసే వాళ్ల కాళ్లకి అడ్డం పడకుండా వేయడం ముఖ్యం. స్లాబ్‌కి ఎత్తులో గాల్లో కడితే మాత్రం నాలుగు చాలు, కానీ అవి కొలత ప్రకారం ఉండాలి. వాటిని 45 డిగ్రీలు కిందికి వంచితే ఫీడ్ పాయింట్ (కేబుల్ యాంటెనాకి కలిసే చోటు) దాదాపు 50 ఓంలకి వస్తుంది. అప్పుడు వచ్చే 1:1 నమ్మదగ్గదే.

ఇంకో మోసపు 1:1 వానాకాలంలో వస్తుంది. మా వాళ్లలో ఒకాయన "వానలు పడ్డాక నా యాంటెనా బాగుపడింది" అన్నాడు. కోయాక్స్ చివర కోసి చూస్తే లోపలి రాగి అల్లిక బొగ్గులా నల్లబడి ఉంది, నొక్కితే నీటిచుక్క బయటికొచ్చింది. తడిసిన కేబుల్ పవర్‌ని మింగేస్తుంటే సెట్ వైపు మీటరుకి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. కనెక్టర్ మీద టేపు గట్టిగా చుట్టి, కేబుల్‌ని కిందికి ఒక వంపు తిప్పి వదలండి, నీళ్లు అక్కడ జారిపోతాయి. అల్యూమినియం గొట్టం వాడితే రాగిని నేరుగా దానికి బిగించొద్దు. ఒక్క వానాకాలానికే మధ్యలో తెల్లటి పొడి పేరుకుంటుంది. మధ్యలో స్టెయిన్‌లెస్ స్టీల్ వాషర్ వేయండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

"వర్టికల్ ఉంటే అన్ని చోట్లకీ మాట్లాడొచ్చు." లేదు. నలభై మీటర్ల బ్యాండ్‌లో పొద్దున్న హైదరాబాద్ నుంచి విజయవాడ మాట్లాడాలంటే సిగ్నల్ దాదాపు నిట్టనిలువుగా పైకి వెళ్లి కిందికి రావాలి. వర్టికల్ నడినెత్తికి ఏమీ పంపదు, దూరాలకే పనికొస్తుంది. దగ్గరి ఊళ్ల కోసం తక్కువ ఎత్తులో ఇన్వర్టెడ్ వీ (తలకిందుల V ఆకారపు తీగ యాంటెనా) కట్టుకోండి.

"లావుపాటి రాగి గొట్టమే కావాలి." అక్కర్లేదు. తీగ చాలు. 75 ఓంల కేబుల్ టీవీ కోయాక్స్ కూడా మన పవర్‌కి నిక్షేపంగా పనిచేస్తుంది.

"ఆ రేడియేషన్‌తో జబ్బులొస్తాయి." ఇది ఎవరో పుట్టించిన పుకారు, భయపడేది మాత్రం పాపం పక్కింటివాళ్లు. ఒక ఇంట్లో అమ్మాయి పురిటికి పుట్టింటికి వచ్చింది. ఆమె తల్లి నా దగ్గరకొచ్చి, "అన్నయ్యగారూ, కాన్పయ్యేదాకా ఆ కర్ర తీయించండి" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అలాంటి వాళ్లతో వాదించకూడదు. వాళ్లింట్లో కూర్చుని మెల్లగా చెప్పాను. వింటున్నంతసేపు ఈ యాంటెనా నుంచి ఏమీ రాదు. మాట్లాడేటప్పుడు వచ్చేది కూడా ఎక్స్‌రే లాంటిది కాదు, మన స్థాయి పవర్‌కి కొన్ని మీటర్ల దూరం ఉంటే చాలు. 2004 సునామీలో అండమాన్‌లో ఫోన్లు మూగబోతే, హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ బృందం హామ్ రేడియోలోనే కబుర్లు అందించిందని కూడా చెప్పాను. డాబా మీద ఎవరైనా ఉంటే ట్రాన్స్‌మిట్ చేయబోమని మాటిచ్చాం, ఆవిడ ఒప్పుకుంది. ఆ మాట మీరూ పాటించండి. ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు తీగని ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, అది మాత్రం పుకారు కాదు.

"యాంటెనా పిడుగుని లాక్కొస్తుంది." ఎక్కడో పడాల్సిన దాన్ని మీ ఇంటికి పిలవదు. కానీ డాబా మీద అన్నిటికంటే ఎత్తుగా ఉండేది అదే. మబ్బు కమ్ముతుండగానే, ఉరుము వినపడకముందే కోయాక్స్ ఊడదీసి కిటికీ బయట పెట్టండి. అప్పటికే ఉరుములు మొదలైతే కోయాక్స్‌ని ముట్టుకోకుండా గదిలోంచి బయటికి వచ్చేయండి.

నన్ను పిడుగు కంటే ఎక్కువ భయపెట్టేవి మన వీధుల్లో బాల్కనీ పక్కనుంచే పోయే 11 కేవీ తీగలు. పైపు నిలబెట్టే ముందు దాన్ని నేల మీద నలువైపులా పడుకోబెట్టి చూడండి. ఏ వైపు పడినా, పిట్టగోడ దాటి పడినా, కరెంటు తీగకి ఇంకా బోలెడంత దూరం ఉండాలి. లేకపోతే ఆ మూల వదిలేయండి. ఒక్కరే ఎత్తొద్దు, గాలి ఉన్న రోజు అసలే వద్దు.