పెళ్లి వీడియో ఫైళ్లు: ఎడిటింగ్‌లో అపోహలు - వాస్తవాలు

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు ఫుటేజ్ పోతే ఇక అంతే. తలంబ్రాలు మళ్లీ పోయించలేం కదా! అయినా చాలా స్టూడియోల్లో ఈ మాటలు ఇప్పటికీ వినిపిస్తున్నాయి.

అపోహ: ప్రాజెక్ట్ సేవ్ చేశాం, వీడియోలు అందులోనే ఉంటాయి.

వాస్తవం: ఉండవు. ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ ఫైల్‌లో ఉండేది మీరు చేసిన కట్‌లు, ఎఫెక్ట్‌లు, ఏ క్లిప్ ఏ డ్రైవ్‌లో ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే అడ్రస్. వందల జీబీల ఫుటేజ్ ఉన్నా ఆ ఫైల్ చిన్నగా ఉండేది అందుకే. దాన్నొక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంకో ఎడిటర్‌కి ఇస్తే, అక్కడ 'మీడియా ఆఫ్‌లైన్' (ఫుటేజ్ దొరకలేదు) అని వస్తుంది. వర్క్ మొత్తం ఇవ్వాలంటే ఫైల్ మెనూలోని ప్రాజెక్ట్ మేనేజర్‌తో ఫైళ్లన్నీ ఒకచోటికి కాపీ చేయించండి. డావిన్సీ రిజాల్వ్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఇంతే: దాని ప్రాజెక్ట్ ఫైల్ అయిన డీఆర్‌పీలో వీడియోలు రావు, ప్రాజెక్ట్ ఆర్కైవ్ చేస్తేనే వస్తాయి.

అపోహ: ముందు కటింగ్ మొదలుపెడదాం, ఫైళ్లు తర్వాత సర్దుకోవచ్చు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. సోనీ మిర్రర్‌లెస్ కెమెరాలు మామూలుగా సి0001, సి0002 అని వరసగా పేర్లు పెడతాయి. రెండు కెమెరాలు వాడితే రెండింటిలోనూ సి0001 ఉండొచ్చు. రేపు డ్రైవ్ మారి రీలింక్ చేయాల్సి వస్తే, అంటే ఫైళ్లు ఎక్కడున్నాయో సాఫ్ట్‌వేర్‌కి మళ్లీ చూపించాల్సి వస్తే, పేరు ఒకటే కాబట్టి జీలకర్ర బెల్లం షాట్ ఉండాల్సిన చోట భోజనాల షాట్ వచ్చి కూర్చోవచ్చు. నాలుగు గంటల టైమ్‌లైన్‌లో దాన్ని పట్టుకోవడం ఎంత టెన్షనో చేసినవాళ్లకే తెలుసు. కెమెరా కార్డులోని ఫుటేజ్ దింపేటప్పుడే ఫంక్షన్‌కో ఫోల్డర్, అందులో కెమెరాకో ఫోల్డర్ పెట్టండి. ఫైల్ పేర్లు మార్చాలంటే ఇంపోర్ట్‌కి ముందే మార్చాలి. తర్వాత డిస్క్‌లో మారిస్తే లింక్ తెగుతుంది. సాఫ్ట్‌వేర్ లోపల క్లిప్ పేరు మాత్రం ఎప్పుడైనా మార్చుకోవచ్చు, డిస్క్‌లోని ఫైల్‌కి ఏమీ కాదు.

అపోహ: మీడియా క్యాష్ తీసేస్తే ప్రాజెక్ట్ పోతుంది.

వాస్తవం: పోదు. క్యాష్ అంటే పని వేగంగా సాగడానికి సాఫ్ట్‌వేర్ తయారుచేసుకునే తాత్కాలిక ఫైళ్లు. ఒరిజినల్ ఫుటేజ్ ఉంటే అవి మళ్లీ తయారవుతాయి, మొదటిసారి తెరిచినప్పుడు కాస్త ఆలస్యం అంతే.

అపోహ: రెయిడ్ ఉంది, ఇంక బ్యాకప్ ఎందుకు?

వాస్తవం: రెయిడ్ అంటే కొన్ని డిస్క్‌లను కలిపి ఒకటిగా వాడటం. అందులో రెయిడ్ 1, రెయిడ్ 5 రకాలు ఒక డిస్క్ చెడిపోతే కాపాడతాయి. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే, వైరస్ వస్తే, డిస్క్‌ల పెట్టె మొత్తం దొంగలెత్తుకుపోతే ఏమీ చేయలేవు. మూడు కాపీలు ఉంచండి, అందులో ఒకటి స్టూడియో బయట. కనీసం రెండు వేర్వేరు డ్రైవ్‌లలోకి కాపీ అయ్యి, క్లిప్‌లు తెరిచి చూసుకున్నాకే కార్డు ఫార్మాట్ చేయమని కెమెరామన్‌కి చెప్పండి.